తల అడ్డంగా ఊపిన శుక్రవారం

ఈ మాట కొన్నేళ్ళుగా నా గొంతులోనే ఉంది. అన్నం దాని పక్కనుంచే మింగాను. కీర్తనలు దాని మీదనుంచే పాడాను. ఇవాళ మీకు చెప్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. అది కూడా పిరికితనమేనా అంటే, కావచ్చు. ముందు విషయం చెప్పనివ్వండి. తర్వాత ఏమన్నా పడతాను.

నేను మఠకన్యను. పుట్టింది మధిర వైపు. భద్రాచలం పోయే రోడ్డు వదిలి మట్టిబాట పట్టాక, అడవి మొదలయ్యే చోట మా మఠం ఉంది. చిన్నది. బడి లేదు, ఆసుపత్రి లేదు. గుడి గంట మోగినప్పుడల్లా చేరి కీర్తనలు పాడుకుంటాం. మిగతా పొద్దంతా మౌనంగా పని చేసుకుంటాం. గేటు దగ్గరికి ఎవరొచ్చినా ఉన్నదేదో ఇస్తాం. చుట్టూ ఉన్న కోయగూడేల వాళ్ళకు మా దేవుడితో పని లేదు. వాళ్ళ వేల్పులు వాళ్ళకున్నారు. జ్వరం బిళ్ళలకో, ఒక ఫోను చేయించుకోవడానికో, ప్రాణం మీదికొస్తే మా జీపు అడగడానికో వస్తారు. వాళ్ళ ఊళ్ళో సెల్లు పలకదు. మా హాలులో ఉన్న ఫోనే వాళ్ళకు దిక్కు.

నాకు అప్పుడు రెండు పనులు. గేటు చూసుకునేదాన్ని నేనే. జీపు నడిపేదాన్నీ నేనే. మా మఠంలో ఇంకెవరికీ డ్రైవింగు రాదు.

మా నియమాలు మూడు మీకు చెప్పాలి. లేకపోతే నేను చేసిన పని మీకు అర్థం కాదు. గేటు గంట మోగితే, వచ్చింది ఎవరో చూడకముందే, లోపలినుంచి గట్టిగా "దేవునికి వందనాలు" అనాలి. వచ్చింది బిషప్పుగారైనా సరే, బిచ్చగాడైనా సరే. గడప దగ్గరికి వచ్చినవాడు ప్రభువే అనుకోవాలి, అందుకని ముందు వందనం, తర్వాత తలుపు. రెండోది, గుడి గంట మోగితే చేతిలో ఉన్న పని ఉన్నట్టుగా వదిలేయాలి. కుడుతుంటే సూది గుడ్డలో ఉండగానే లేవాలి. మూడోది, శుక్రవారం మౌనం. ఆ రోజు మాలో మేము మాట్లాడుకోం. సైగలే. గేటు సిస్టరు బయటివాళ్ళతో మాత్రం మాట్లాడొచ్చు. మఠానికి పెద్ద కాబట్టి మదర్ అవసరమైతే ఎవరితోనైనా మాట్లాడొచ్చు.

నేను ఈ మూడింటిలో ఒక్కటీ తప్పలేదు. పాటిస్తూనే చేశాను ఆ పని. అదే నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

కరోనా రెండోసారి వచ్చిన ఎండాకాలం అది. మీకూ గుర్తుండే ఉంటుంది. మొదటిసారి టీవీలో చూసి భయపడ్డాం, రెండోసారి పేర్లు తెలిసినవాళ్ళు పోతుంటే భయపడ్డాం. మాకు చెందిన ఇంకో మఠంలో ఇద్దరు సిస్టర్లు వారం తిరక్కుండా పోయారు. వాళ్ళను మట్టిలో పెడుతుంటే మేము ఇక్కడినుంచి ఫోనులో పాట పాడాం. గూడేలవాళ్ళు దారులకు అడ్డంగా కంప కొట్టుకున్నారు, బయటివాడు లోపలికి రాకుండా. భద్రాచలం దవాఖానాలో మంచాలు లేవని, ఖమ్మం పోతే అక్కడా లేవని ఎవరో ఒకరు గేటు దగ్గర చెప్పి పోయేవారు.

మా మదర్ డెబ్బై దాటిన మనిషి. ఉబ్బసం. గుంటూరు వైపు ఆమె. ప్రతి సాయంత్రం మమ్మల్ని దూరదూరంగా కూర్చోబెట్టి, వెనకటి క్రైస్తవ ఎడారి మునుల గురించి చెప్పేది. రాజ్యాలు కూలిపోతున్న కాలంలో వాళ్ళు ఇసుకలోకి వెళ్ళి గుడిసెలు వేసుకున్నారు కదా, అది పారిపోవడం అనుకోకండమ్మా, అనేది. ఊళ్ళో ఉంటే నలుగురి మధ్య భయాన్ని దాచుకోవచ్చు, ఒంటరిగా ఉంటే దాని మొహం చూడక తప్పదు, అందుకు పోయారు అని ఆమె వాదన. ఒకరోజు ఇలా అంది: "భయపడటం పాపం కాదు. భయానికి భక్తి బట్టలు తొడిగి తిప్పుతాం చూడండి, అది పాపం." నేను తల ఊపాను. ఎంత బాగా చెప్పిందో అనుకున్నాను కూడా.

నాకు చావంటే భయం. చిన్నప్పటినుంచీ అంతే. మా నాన్న రైల్వేలో చేసేవాడు, మా ఇల్లు పట్టాల పక్కనే. పట్టాల మీద పోయినవాళ్ళను గోనెపట్టాలో తెచ్చి ప్లాట్‌ఫారం చివర పెట్టడం చూశాను. ఆ భయంతోనే మఠంలో చేరానేమో, ఎవరికి తెలుసు? ఆ ఎండాకాలం నేను గేటు గడియను సబ్బునీళ్ళతో రోజూ కడిగేదాన్ని. చేతులు పగిలి నెత్తురొచ్చేదాకా కడుక్కునేదాన్ని. అందరూ నన్ను చూసి శ్రద్ధ అంటే ఇదీ అనేవాళ్ళు.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం గేటు గంట మోగింది. నేను అలవాటు ప్రకారం "దేవునికి వందనాలు" అన్నాను. గేటుకు చిన్న కిటికీ ఉంటుంది. దాని రెక్క తీశాను. వాగవతల గూడెం ముత్తమ్మ. చీపుర్లు, ఇప్పపువ్వు అమ్ముకుంటుంది. తలనొప్పి బిళ్ళలకు వస్తుండేది. నడిచి కాదు, ఉరికి వచ్చినట్టుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఊపిరి ఆడటం లేదు.

"సిస్టరమ్మా, మా కోడలు రాధకు నొప్పులొస్తున్నయ్. నెత్తురు బాగ పోతాంది. మంత్రసాని నాతోని కాదన్నది. జర జీపు తియ్యి తల్లీ, దవాఖానకు తోల్కపోదాం."

"నీ కొడుకు జోగయ్య ఏడీ?"

"వాడు జరంతోటి పండిండు. లేస్తలేడు."

జ్వరం అన్న మాట దగ్గర నా చెయ్యి దానంతటదే కిటికీ రెక్క మీదికి పోయింది.

"రాధకీ ఉందా జ్వరం?"

"ఒళ్ళు కాలుతాంది. నొప్పులకో జరానికో నాకేమెరుక?"

జీపు వెనక షెడ్డులో ఉంది. టార్పాలిన్ కప్పి పెట్టింది నేనే. అందులో డీజిల్ ఉంది. మూసిన జీపులో నా వెనక సీటులో ఒళ్ళు కాలిపోతున్న మనిషి, ఆమె ఊపిరి నా మెడ మీద. అది కళ్ళకు కట్టింది. నెత్తురు పోతున్న రాధ మాత్రం కళ్ళకు కట్టలేదు. ఎందుకు కట్టలేదో నన్ను నేను చాలాసార్లు అడిగాను.

"జీపు లేదు ముత్తమ్మా. రిపేరుకు ఇల్లందు పోయింది."

"ఎప్పుడొస్తది?"

"తెలీదు. నేను 108కి ఫోన్ చేస్తాను. మీరు రాధను మెయిన్ రోడ్డు మీదికి తెచ్చి పెట్టుకోండి. అంబులెన్సు అక్కడికి వస్తుంది."

"చేస్తవా?"

"చేస్తాను."

"మరువకు తల్లీ. రోడ్డు మీదనే కూసుంటం."

అంతే. ఆమె వచ్చినట్టే ఉరుకుతూ పోయింది. ఆ వయసులో, ఆ ఎండలో.

నేను హాలులోకి పోయి ఫోను చేశాను. ఇది నిజం, చేశాను. లైను దొరకలేదు. మళ్ళీ చేశాను. ఈసారి మోగింది. అవతల ఎవరో ఎత్తి హలో అన్నారు. సరిగ్గా అప్పుడు గుడి గంట మోగింది.

ఫోను పెట్టేశాను.

చేతిలో పని ఉన్నట్టుగా వదిలేయాలని కదా నియమం. వదిలేశాను. నేను మీకు ఇంకో సంగతి కూడా చెప్పాలి. గంట మోగినప్పుడు నాకు కలిగింది హాయి. దేవుడే తప్పించాడు అనుకున్నాను. గుడిలోకి పోయి, నీడనిచ్చే దేవుడి మీద కీర్తన అందరికంటే గట్టిగా పాడాను. ప్రార్థన అయ్యాక మళ్ళీ చేద్దాం అనుకున్నాను. కానీ ఫోను ఉన్నది మదర్ గది ముందు. అప్పటికి ఆమె గదిలోకి వచ్చేసింది. మాట్లాడితే వింటుంది. ఏంటమ్మా అంటుంది. చెప్తే జీపు తియ్యమంటుంది. నేను కాదంటే, ఆ ఉబ్బసంతో, తనే వచ్చి జీపులో రాధ తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. నాకు ఆమె సంగతి తెలుసు. అందుకని మదర్ ప్రాణం కాపాడుతున్నాను అనుకున్నాను. ఎంత మంచి సాకు! పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు అంటారే, నేను కళ్ళు మూసుకుని ప్రార్థన చేశాను.

తర్వాత భోజనం. తర్వాత గిన్నెలు. గిన్నెలు కడుగుతూ, ఈపాటికి ఎవరిదో ట్రాక్టరు దొరికే ఉంటుంది అనుకున్నాను. ఆ తర్వాత ఇక అనుకోలేదు.

ట్రాక్టరు దొరికే ఉండేది. అదే అసలు సంగతి. గూడెం మగవాళ్ళు రాధను మంచం మీద మోసుకుని రోడ్డుకు తెచ్చారు. ఎవరో పక్క ఊరికి పోయి ఆటోనో ట్రాక్టరో తెస్తామంటే ముత్తమ్మే వద్దన్నదట. సిస్టరు ఫోన్ చేస్తనన్నది, బండి వస్తది, ఉండండి అన్నదట. పొద్దు వాలేదాకా కూర్చున్నారు. బిడ్డ ఆ రోడ్డు పక్కనే పుట్టింది. ఆడపిల్ల, బతికింది. రాధ బతకలేదు. మర్నాడు బిళ్ళలకు వచ్చిన ఒకామె గేటు దగ్గర ఇదంతా చెప్పి ముక్కు చీదుకుంది. నేను ఆమెకు బిళ్ళలిచ్చి కిటికీ మూశాను.

ఇంతటితో అయిపోయి ఉంటే, పిరికిదాన్ని, ఒక ప్రాణం పోవడానికి కారణమైనదాన్ని అని ఒప్పుకుని ఊరుకునేదాన్ని. అయిపోలేదు.

జ్వరం తగ్గాక జోగయ్య మా మఠానికి వచ్చాడు. ఆ రోజు శుక్రవారం. మదర్ గేటు పక్కన మొక్కలకు నీళ్ళు పోస్తోంది. నేను ఇవతల చీపురు పట్టుకుని ఉన్నాను. అతను తువ్వాల మొహానికి కట్టుకుని గేటు అవతలే ఆగాడు. మనిషి సగమై ఉన్నాడు. "మదర్, మా అవ్వ ఆ దినం మీ కాడికొచ్చిందా? బండి అడిగిందా?" అన్నాడు.

మీకు ఒక సంగతి తెలియాలి. రాధను దవాఖానాకు కాన్పుకు ముందే పంపుదామని జోగయ్య అంటే, మా కాలంల దవాఖాన ఏడిది, నేను నిన్ను ఇంట్లనే కనలేదా అని ముత్తమ్మ గొడవపడిందట. ఊరంతా విన్నారు. అందుకే అతనికి అనుమానం. తల్లి అసలు మఠానికి పోలేదని, దారిలో ఏ చెట్టు కిందో కూర్చుని వచ్చి కథ చెప్పిందని.

మదర్ నావైపు తిరిగింది. "ఎవరైనా వచ్చారా అమ్మా?" అని అడిగింది.

శుక్రవారం. మదర్‌తో నేను మాట్లాడకూడదు. తల అడ్డంగా ఊపాను.

"జీపు షెడ్డులోనే ఉంది నాయనా, ఎటూ పోలేదు. మీ అమ్మ వచ్చి ఉంటే పంపకుండా ఉంటామా?" అంది మదర్. ఆమె తనకు తెలిసిన నిజం చెప్పింది. ఆ నిజంతో ముత్తమ్మ మాట అబద్ధమైపోయింది. జీపు ఇల్లందు పోయిందని కదా ఆమె ఇంట్లో చెప్పింది. జోగయ్య సరే మదర్ అని దండం పెట్టి పోయాడు.

నేను ఆ రాత్రి ఎలా పడుకున్నానో చెప్పనా? బాగానే పడుకున్నాను. అబద్ధం ఆడలేదు కదా అనుకున్నాను. నోరు విప్పలేదు. మౌనం పాటించాను. ఒక నెలపాటు నిజంగానే ఆ మాట నాకు సరిపోయింది. మనిషి తనకు తాను ఎంత తేలికగా అమ్ముడుపోతాడో అప్పుడు తెలిసింది.

ముత్తమ్మను కొడుకు ఇంట్లోంచి పంపేశాడు. గూడెం చివర, వాగు ఒడ్డున ఆమె ఒక పాక వేసుకుంది. పసిపిల్లను జోగయ్య చెల్లెలు సాకింది. నాయనమ్మను ఆ పిల్లను ముట్టనివ్వలేదు. ఊళ్ళో పెళ్ళికి పిలుపు లేదు, పండుగ రోజు వేల్పు దగ్గర పెట్టిన కూటిలో వాటా లేదు. కోడలిని చంపి అబద్ధమాడిందని పేరు. ముత్తమ్మ మొదట్లో వాదించింది. నేను పోయిన, సిస్టరు దేవునికి వందనాలు అన్నది, కిటికీలకెల్లి మాట్లాడింది అని అందరికీ చెప్పిందట. సిస్టరు గేటు దగ్గర అలా అంటుందని గూడెంలో పిల్లలకు కూడా తెలుసు. అది సాక్ష్యం ఎలా అవుతుంది? కొన్నాళ్ళకు చెప్పడం మానేసింది.

ఆమె మా గేటుకు మళ్ళీ రాలేదు. వచ్చి నన్ను నిలదీయవచ్చు కదా, ఎందుకు రాలేదు? వస్తే ఏం చేసేదాన్ని? మళ్ళీ తల ఊపేదాన్నా? ఊపేదాన్నేమో. ఆ రోజుల్లోని నన్ను నేను నమ్మలేను.

ఫాదర్ ముందు పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనం చేయలేదా అని మీరు అడగవచ్చు. చేశాను. ఫాదర్, అక్కర ఉన్నవారికి సహాయం చేయడంలో లోపం చేశాను, ఒకసారి సత్యం దాచాను అన్నాను. ఆ మాటలు విన్న ఫాదర్ నన్ను చిన్న చిన్న సంగతులకు బాధపడే భక్తురాలు అనుకుని ఉంటాడు. కొన్ని జపాలు చెప్పమన్నాడు. చెప్పాను. పాపం పోలేదు. పోదు. నేను దాన్ని పేరు పెట్టి చెప్పలేదు కదా. ముత్తమ్మ అని చెప్పి ఉంటే, ముందు వెళ్ళి ఆమె మంచిపేరు ఆమెకు తిరిగి ఇచ్చి రా అనేవాడు. అది తెలిసే చెప్పలేదు.

మాలో ఒక పాత అలవాటు ఉంది. మనసులో ఏ ఆలోచన తొలుస్తున్నా పెద్దవాళ్ళ ముందు విప్పాలి, చిన్నదైనా సరే. ఎడారిలో గురువుల దగ్గరికి శిష్యులు అందుకే పోయేవారని మదర్ చెప్పేది. దాచిన ఆలోచన లోపల తిని బలుస్తుంది అనేది. ప్రతి నెలా నేను ఆమె ఎదుట కూర్చుని నిద్ర ఎక్కువవుతోందని, వంటలో ఉప్పు తక్కువైతే కోపం వస్తోందని చెప్పేదాన్ని. ఆమె ఓపికగా వినేది. చివరి జబ్బులో మంచం పక్కన నన్ను కూర్చోబెట్టుకుని, ఇంకేమైనా ఉందా తల్లీ అని అడిగింది. ఆమెకు అనుమానం వచ్చిందో, అందరినీ అలాగే అడిగిందో తెలియదు. లేదు మదర్ అన్నాను. ఆమె నా చెయ్యి నిమిరింది. రెండు రోజుల్లో పోయింది. పోతున్న మనిషికి కూడా అబద్ధం చెప్పాను.

ఆ తర్వాత జరిగింది వింటే మీకు నవ్వు రావచ్చు. మదర్ పోయాక ఆమె చెప్పినవన్నీ బాగా గుర్తున్నది నాకే అని, మా దగ్గర మౌనధ్యానానికి వచ్చేవాళ్ళకు ప్రసంగాలు నన్నే ఇమ్మన్నారు. ఇచ్చాను. బాగా ఇచ్చాను. ఈ మధ్య రోజులు మళ్ళీ బాగాలేవు. రాష్ట్రం సరిహద్దు అవతల అడవిలో కాల్పులంటారు, పైన హెలికాప్టర్లు తిరుగుతాయి, అటునుంచి మూటలతో జనం వస్తారు, రాత్రికి రాత్రి ఎవరిని తీసుకుపోతారో అని గూడేల్లో దీపాలు తొందరగా ఆర్పేస్తారు. పట్నాల్లో వాళ్ళకు వేరే భయాలు. ఉద్యోగాలు, పిల్లలు, ఫోనులో వచ్చే వార్తలు. అందుకని మా దగ్గరికి వచ్చేవాళ్ళు ఎక్కువయ్యారు. నేను వాళ్ళకు భయం గురించి చెప్తాను. గడప దగ్గరికి వచ్చినవాడికి తలుపు తీస్తే చాలు, భయం సగం చస్తుంది అని చెప్తాను. ఖమ్మం నుంచి వచ్చిన ఒక టీచరమ్మ నా చేతులు పట్టుకుని ఏడ్చింది. సిస్టర్, మీ మాటలు విని బతకాలనిపిస్తోంది అంది. నాకు ఆ చేతులు విడిపించుకుని పారిపోవాలనిపించింది. పారిపోలేదు. దేవుడు నిన్ను దీవించుగాక అన్నాను.

నేను చెప్పిన మాటలు తప్పా? కాదు. మాటలు మదర్‌వి, వెనకటి మునులవి. నోరు నాది. ఆమెకు నిజంగానే బతకాలనిపించి ఉంటే నా పాపం వల్ల ఆ మేలు చెడిపోతుందా? ఈ ప్రశ్నకు నాకు జవాబు దొరకలేదు. కానీ ఇలాంటి ప్రశ్నలు వేసుకుంటూ కూర్చుంటే ముత్తమ్మ దగ్గరికి వెళ్ళే పని తప్పుతుందని నాకు తెలుసు. అందుకే అంత ఇష్టంగా వేసుకున్నాను.

పోయిన వేసవిలో ఒకరోజు బియ్యం తేవడానికి పోతుంటే, అంగన్‌వాడీ ముందు రోడ్డు మీద పిల్లలు గుమిగూడి అరుస్తున్నారు. జీపు ఆపాను. మధ్యలో ముత్తమ్మ, నెత్తి మీద చీపుర్ల కట్టతో. "అబద్ధాల ముసల్దీ, అబద్ధాల ముసల్దీ" అని పాటలా పాడుతున్నారు. అందులో అందరికంటే చిన్నపిల్ల గులకరాయి తీసి విసిరింది. అది ముత్తమ్మ చీర కుచ్చిళ్ళకు తగిలి కింద పడింది. ఆ పిల్ల ఎవరో నాకు తెలుసు. రోడ్డు పక్కన పుట్టిన పిల్ల. ముత్తమ్మ తిట్టలేదు, కట్టె ఎత్తలేదు. వంగి, "ఎండ కాలుతాంది బిడ్డా, చెప్పులేసుకొని రారాదు" అంది. పిల్ల నవ్వుతూ ఉరికింది. ముత్తమ్మ తలెత్తి జీపును చూసింది. నన్ను చూసింది. నెత్తి మీది కట్ట సర్దుకుని నడిచిపోయింది.

బియ్యం తేలేదు. వెనక్కి వచ్చేశాను.

ఆ మర్నాడు వాగు ఒడ్డుకు పోయాను. ఆమె పాక ముందు ఇప్పపువ్వు ఆరబోసి చెత్త ఏరుతోంది. నేను మోకాళ్ళ మీద పడ్డాను. మాకు అది అలవాటు, తేలిక. ఏడ్చాను, ఏవేవో అన్నాను, క్షమించమన్నాను. ఆమె ఏరడం ఆపలేదు. నేను ఆగాక అంది:

"నాకెందుకు జెప్తున్నవ్? నేనొచ్చిన సంగతి నాకెరుక లేదా? నీకెరుక లేదా? జెప్పాల్సినోనికి జెప్పు."

క్షమించానని అనలేదు. క్షమించననీ అనలేదు. లే, పువ్వు మీద కాలు పెడ్తవ్, అంది.

జోగయ్య మిరపతోటలో కూలికి పోయి ఉన్నాడు. నేను పోయేసరికి అందరూ అన్నం తిని చెట్టు నీడన కూర్చున్నారు. పక్కకు పిలిస్తే పిలవవచ్చు. పిలవలేదు. నలుగురిలో పోయిన పేరు నలుగురిలోనే రావాలి కదా. కూలికి వచ్చిన ఆడవాళ్ళు, మగవాళ్ళు అందరూ వింటుండగా చెప్పాను. మీ అవ్వ వచ్చింది. జీపు లేదని చెప్పింది నేను. ఫోన్ చేస్తాను, రోడ్డు మీద ఉండమన్నది నేను. ఫోన్ పెట్టేసింది నేను. శుక్రవారం తల ఊపింది నేను.

తిడతాడనుకున్నాను. చెయ్యెత్తినా పడదామనుకుని పోయాను, నిజానికి ఎత్తితే బాగుండుననే పోయాను. అతను లేచి నిలబడ్డాడు. మిరపకాయలు కోసి కోసి ఎర్రబడ్డ తన చేతుల దిక్కు చూసుకున్నాడు.

"ఆ శుక్రారం మీ గేటు కాడికెల్లి సీదా ఇంటికి పోయి మా అవ్వను కొట్టిన. అబద్ధమాడినవని కొట్టిన. నేను పోయిన, నేను పోయిన అనుకుంటనే దెబ్బలు తిన్నది. ఒక పన్ను ఊడింది."

ఇది నాకు తెలియదు. ఎవరూ చెప్పలేదు. ముత్తమ్మ చెప్పలేదు.

"అందరికి ధైర్నం జెప్తవంట కద సిస్టర్. పట్నమోళ్ళు వచ్చి ఇంటరంట. ఆ దెబ్బలు ఎట్ల వాపస్ తీసుకోవాలె? నాకు జెప్పు."

అతను ఎగతాళికి అడగలేదు. నిజంగా అడిగాడు. జవాబు వస్తుందని నా మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. నా దగ్గర మునుల మాటలు ఎన్నో ఉన్నాయి, ప్రతి నొప్పికీ ఒకటి. ఒక్కటి నోటికి రాలేదు. వచ్చినా అనే మొహం నాకు లేదు.

"తెలీదు జోగయ్యా" అన్నాను.

ఇగ పో, అన్నాడు అతను.

ఇప్పుడున్న మదర్‌కు ఆ సాయంత్రమే చెప్పాను. గేటు పని, ప్రసంగాలు తీసేశారు. వంటింట్లో ఉంటున్నాను. పేరు పెట్టి ఫాదర్‌కు చెప్పాను. ఆయన తను చెప్పాల్సిన మాటలు చెప్పాడు. అవి నాకు తగిలాయో లేదో తెలియదు. జోగయ్య తల్లి దగ్గరికి పోయాడో లేదో తెలియదు. పోయి ఏమని ఉంటాడు? ఆమె ఇంకా వాగు ఒడ్డునే ఉంటోందని విన్నాను. అంతకుమించి అడిగే హక్కు నాకు లేదు. అంగన్‌వాడీ పిల్లలు ఆ పాట మానేశారని మాత్రం ఒకరు చెప్పారు.

గొంతులో అన్నం కాస్త దిగుతోంది. దానికి సిగ్గుగానే ఉంది, అయినా దిగుతోంది. మీకెందుకు చెప్పానంటే, విన్నవాళ్ళు ఎంతమంది ఉంటే అంత మంచిది. రేపు నాకు మళ్ళీ భయం పుట్టి మాట మార్చినా, మీకు తెలిసి ఉంటుంది. ఆ రోజు మధ్యాహ్నం ముత్తమ్మ మా గేటు దగ్గరికి వచ్చింది. జీపు అడిగింది. ఆమె చెప్పిందంతా నిజం.